సమాజశాస్త్ర ప్రాథమిక భావనలు – గుంటూరు, ప్రకాశం ముస్లిం సమాజం : ఒక విమర్శ

మన దేశంలో సమాజశాస్త్రం ఒక ప్రత్యేక విభాగంగా 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో ప్రారంభమయింది. అప్పటినుండి ఒక శతాబ్ది గడిచింది. నేడు తెలుగులో డిగ్రీ చదివే విద్యార్థీ, పోటీ పరీక్షకు కూర్చొనే నిరుద్యోగీ ఆ శాస్త్రపు తొలి పాఠాలను చదువుతున్నారు. సాంఘికీకరణ అనగా ఏమి, సామాజిక స్తరీకరణ అనగా ఏమి, పరిశోధనా పద్ధతులు ఎన్ని విధాలు అనే ప్రశ్నలకు నిర్వచనాలు కంఠస్థం చేస్తున్నారు.

ఇట్టి పాఠాలలో ముస్లిం సమాజ ప్రసక్తి సాధారణంగా ఒకటి రెండు పేరాలకు మించదు. ఆ పేరాలు కూడా రెండు రకాలుగా ఉంటాయి. ఇస్లాంలో కులాలు లేవు, అందరూ సమానులు అని చెప్పి ముగించేది మొదటి రకం. ముస్లింలలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే మూడు అంతస్తులు ఉన్నాయని చెప్పి ముగించేది రెండవ రకం. మొదటిది చదివిన ముస్లిం పాఠకుడు సంతోషిస్తాడు. రెండవది చదివి నొచ్చుకొంటాడు. సంతోషానికీ నొప్పికీ మధ్య, అడగవలసిన ప్రశ్న మరుగున పడిపోతుంది. ఇది ఏ ఊరి సంగతి? ఎవరిని అడిగి, ఏ విధంగా తెలుసుకొని చెప్పిన మాట?

ఈ ప్రశ్నను గుంటూరు, ప్రకాశం మైదానాలలో నిలబడి అడిగితే ఆ రెండు పేరాలూ నిలువవు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. పాలనా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా నల్లరేగడిలో ప్రత్తి, మిరప పండించే ఈ భూభాగపు జీవన విధానం ఒక్కటే. ఆ ప్రత్తితోనే పేరు ముడిపడిన ముస్లిం సముదాయం ఇక్కడ ఒకటి ఉన్నది. వారు దూదేకులవారు. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అన్న పేర్లు కూడా వారివే. సమాజశాస్త్రపు మూడు మూల భావనలు, అనగా సాంఘికీకరణ, అసమానత, పరిశోధనా పద్ధతి, ఈ సముదాయం ముందు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసపు ఉద్దేశం. అదే సమయంలో, ముస్లిం సమాజం తన్ను తాను చూచుకొనే తీరు కూడా ఈ పరీక్షకు నిలుస్తుందా అన్నది విడువరాని ప్రశ్న.

సాంఘికీకరణ

శిశువు సమాజపు అలవాట్లను, భాషను, విలువలను నేర్చుకొని ఆ సమాజంలో సభ్యుడయ్యే క్రమాన్ని సాంఘికీకరణ అంటారు. కుటుంబం, తోటిపిల్లలు, పాఠశాల, మతసంస్థ దీనికి సాధనాలని పుస్తకాలు చెబుతాయి. ముస్లిం పాఠకుడికి ఈ భావన కొత్తది కాదు. ప్రతి శిశువూ సహజ స్వభావంతో జన్మిస్తాడనీ, తల్లిదండ్రులే అతనిని ఒక మతానికి చెందినవానిగా తీర్చిదిద్దుతారనీ భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. పుట్టుక వేరు, పెంపకం వేరు అన్న విచక్షణ అందులోనే స్పష్టంగా ఉన్నది.

అయితే పాఠ్యపుస్తకం తరచు చేసే పొరపాటు ఒకటున్నది. ముస్లిం శిశువు అనగానే అతనికి ఒకే రకమైన పెంపకం ఊహిస్తుంది. ఇంట్లో ఉర్దూ, ఉదయం మక్తబ్, శుక్రవారం మసీదు. గుంటూరు మైదానాలలోని సాయిబుల ఇళ్ళలో చాలాచోట్ల ఉర్దూ మాటే వినిపిస్తుంది. కాని దూదేకులవారి ఇంటి భాష తరతరాలుగా తెలుగే. ఆ ఇంటి శిశువు జోలపాట తెలుగులో వింటాడు, నమాజు అరబ్బీలో నేర్చుకొంటాడు. ఊరి ఉర్దూ మాట్లాడే తోటి ముస్లిం పిల్లల మధ్య మౌనంగా నిలబడతాడు. ఒకే మతంలోనే రెండు సాంఘికీకరణలు ఉన్నాయన్నమాట.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాలలో దూదేకులవారిని గూర్చి వ్రాశాడు. ముస్లిం ఆచారాలు ఇన్ని, హిందూ ఆచారాలు ఇన్ని అని జాబితా వేసి, ఆ సముదాయాన్ని ఒక మిశ్రమంగా చూపడం ఆ తరం పాలకుల వ్రాతకు అలవాటు. ఈ దృష్టి తరువాతి వ్రాతలలో కూడా మిగిలిపోయింది. ఇందులోని లోపం ఏమంటే, మిశ్రమం అనే మాట చూచేవాని మాట. ఆ ఇంట్లో పెరిగేవాడికి తన జీవితం రెండు ముక్కల అతుకుగా కనిపించదు. ఈ ప్రాంతంలో నాగూర్, నాగుల్ మీరా అన్న పేర్లు విరివిగా వినిపిస్తాయి. అవి తమిళ తీరంలోని నాగూరు దర్గాను తలచుకొని పెట్టిన పేర్లు. మస్తాన్ అనే పేరు గుంటూరు కాలే మస్తాన్ షా వలీ దర్గాను గుర్తుకు తెస్తుంది. పేరు పెట్టిన తల్లి మనస్సులో ఉన్నది మొక్కుబడి, కృతజ్ఞత. దానిని మిశ్రమ సంస్కృతి అనడం పరిశీలకుని సౌకర్యం. దానిని ధర్మశాస్త్ర దృష్టితో ఖండించవలసి ఉంటే అది ఉలమాల పని. వర్ణించడం, తీర్పు చెప్పడం రెండు వేర్వేరు పనులు. పాఠ్యపుస్తకం వర్ణన పేరుతో తీర్పు చెబుతున్నది. కొందరు బోధకులు తీర్పు తొందరలో అసలు వర్ణననే వినడం లేదు.

అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు చార్లెస్ కూలీ 1902లో ఒక భావనను ప్రతిపాదించాడు. మనిషి ఇతరుల కళ్ళను అద్దంగా చేసుకొని తన్ను తాను చూచుకొంటాడని దాని సారాంశం. తెలుగు నేలమీద దీనికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. దూది ఏకే పనివానికి పేరైన పింజారి అన్న మాట తెలుగులో తిట్టుగా మారింది. తిట్టే వ్యక్తికి దూది గుర్తుండదు, వృత్తి గుర్తుండదు. కాని ఆ మాట వినే బాలుడికి అన్నీ గుర్తుంటాయి. భాషే ఒక సముదాయపు పిల్లలకు చేదు అద్దం పట్టింది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ ఈ అద్దాన్ని తిప్పి పట్టారు. బుర్రకథకు పర్యాయపదంగా నిలిచి, 1986లో పద్మశ్రీ అందుకొన్న ఆ కళాకారుని ఆత్మకథ పేరు ‘పింజారి’. తిట్టును ఆయన పుస్తకం అట్టమీద తన పేరు పక్కన నిలబెట్టారు. వినేవాడు ఇక తిట్టలేడు, తిట్టితే ఒక మహాకళాకారుని పేరు పలికినట్లవుతుంది. సాంఘికీకరణ అనేది మైనంమీద ముద్ర వంటిదనీ, శిశువు దానిని మౌనంగా స్వీకరిస్తాడనీ చెప్పే పాఠం ఇక్కడ తప్పిపోతున్నది. మనిషి ముద్రను స్వీకరిస్తాడు, దానితో పోరాడతాడు, కొన్నిసార్లు దాని అర్థాన్నే మారుస్తాడు.

ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా జీవితం ఇంకొక పాఠం. నాదస్వరం ఆ కుటుంబాల వారసత్వ విద్య. ఆయన శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో మరణించారు. దేవాలయ ప్రాంగణంలో ముస్లిం విద్వాంసుడు నాదస్వరం వాయించడం కొందరు ముస్లిం పాఠకులకు ఇబ్బందికరమైన సంగతి కావచ్చు. ధర్మపరమైన ఆ చర్చకు దాని స్థానం దానికున్నది. కాని ఈ పల్లెలలో విద్య కుటుంబం ద్వారా వచ్చిందనీ, ఆ విద్యే అన్నం పెట్టిందనీ, ఊరి మసీదు వారికి వేరే వృత్తి చూపలేదనీ గుర్తుంచుకోకుండా చేసే చర్చ సంపూర్ణం కాదు.

అసమానత

ముస్లిం సమాజ స్తరీకరణను గూర్చి మన దేశంలో చర్చ రేపిన గ్రంథాలలో గౌస్ అన్సారీ 1960లో ఉత్తర ప్రదేశ్ ముస్లింలపై వ్రాసినది ఒకటి. ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో 1973లో వెలువడిన వ్యాస సంపుటి మరొకటి. అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అన్న మూడంతస్తుల నమూనాకు పుట్టినిల్లు ఉత్తర భారతం, వంగదేశం. అక్కడ అష్రాఫ్ వర్గానికి జమీందారీ, దర్బారు, ఉర్దూ సాహిత్యం అన్నీ అండగా నిలిచాయి. అదే 1973 సంపుటిలో మాటిసన్ మైన్స్ తమిళ ముస్లింలను గూర్చి వ్రాస్తూ, అక్కడి సముదాయాల మధ్య కులపు హెచ్చుతగ్గుల వంటి వరుస కనిపించదని నిరూపించబోయాడు. ఒకే పుస్తకంలో రెండు ప్రాంతాలు రెండు సమాధానాలు ఇచ్చాయి. పాఠ్యపుస్తకం మాత్రం ఒక ప్రాంతపు సమాధానాన్ని దేశమంతటికీ పూసింది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతం ఈ రెండింటిలో దేనికీ చెందదు. ఇక్కడ సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అన్న పేర్లున్నాయి, వాటి వెనుక కొంత గౌరవపు లెక్క కూడా ఉన్నది. కాని సయ్యద్ ఇంటిపేరు గలవారంతా భూస్వాములు కారు. షేక్ అన్న పేరు ఏ ఒక్క సముదాయానికీ సొంతం కాదు. అంతరం స్పష్టంగా కనిపించేది సాయిబుల ఇళ్ళకూ దూదేకుల ఇళ్ళకూ మధ్య పెళ్ళి మాట వచ్చినప్పుడు. మసీదులో భుజం భుజం కలిపి నిలబడినవారు సంబంధం మాట ఎత్తేసరికి విడిపోతారు. ఇది ఇస్లాం బోధించినది కాదు. కాని ముస్లింలు చేస్తున్నదే.

ఇక్కడ ధర్మశాస్త్ర గ్రంథాలను కూడా నిజాయితీగా చూడవలసి ఉన్నది. ఆంధ్రదేశంలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ సంప్రదాయంలో వివాహానికి ఈడుజోడు, అనగా కఫాఅత్, చర్చించినప్పుడు వంశాన్ని, వృత్తిని కూడా పలువురు పండితులు లెక్కలోకి తీసుకొన్నారు. నేతపని, తోలుపని వంటివి ఆ చర్చలో తక్కువ వృత్తులుగా ప్రస్తావనకు వచ్చాయి. ఇమామ్ మాలిక్ (రహ్మ) మాత్రం ధర్మనిష్ఠకే ప్రాధాన్యమిచ్చారు. సుఫ్యాన్ సౌరీ, హనఫీలలోనే కర్ఖీ ఇట్టి షరతును అంగీకరించలేదు. ఖురైషు వనిత అయిన ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు, విముక్త బానిస కుమారుడైన ఉసామా (రజి)ను వివాహమాడుమని మహాప్రవక్త (స) సలహా ఇచ్చిన వృత్తాంతం ముస్లిం గ్రంథంలో ఉన్నది. కనుక ఆచారాన్ని సమర్థించుకోవడానికి ఒక మూల దొరుకుతుంది, దానిని కాదనడానికి అంతకంటె దృఢమైన మూలం దొరుకుతుంది. ఏ మూలాన్ని ఎన్నుకొంటున్నారన్నది శాస్త్ర విషయంతోపాటు సమాజ విషయం కూడా. దూది ఏకేవాడిని చిన్నచూపు చూడడానికి ఒక పాత గ్రంథపు పేజీ ఉపయోగపడుతున్నదంటే, ఆ పేజీని తెరిచిన చేయి ఎవరిదో అడగవలసినదే.

ఇక వంశం మాట. చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాలో వంశాన్ని గూర్చి చేసిన ఆలోచన ఆశ్చర్యం గొలుపుతుంది. వంశం నిజానికి ఊహకు చెందినదనీ, దాని ప్రయోజనం అది కలిగించే ఆత్మీయ బంధంలోనే ఉన్నదనీ ఆయన భావం. ఆ బంధం కలుపుకోవడానికి కాక, తోసివేయడానికి ఉపయోగపడినప్పుడు వంశానికి ఆ ప్రయోజనం కూడా మిగలదు.

అసమానత పుట్టుకతోనే ముగియదు. జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ ఆస్తి, గౌరవం, అధికారం అనే మూడింటిని వేరువేరుగా చూడాలన్నాడు. ఈ మైదానాలలో ఆ విభజన బాగా పనికివస్తుంది. విల్లు నారిని కొట్టి దూది ఏకే పని యంత్రాలు వచ్చాక క్షీణించింది. పరుపులు, బొంతలు కుట్టే పని కొంతకాలం నిలిచింది, రబ్బరు పరుపులు దానినీ తగ్గించాయి. ప్రత్తి సాగు విస్తరించిన ప్రాంతంలోనే ప్రత్తితో బతికిన సముదాయం తన వృత్తిని కోల్పోయింది. అనేకులు పొలం కూలికి, చిన్న వ్యాపారానికి, కౌలు సాగుకు మళ్ళారు. కౌలుదారుకు భూమి ఉండదు, నష్టం మాత్రం ఉంటుంది. 1987–88లో తెల్లదోమ ప్రత్తిని నాశనం చేసినప్పుడు, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. ఆ అప్పు దగ్గర సయ్యద్ కౌలుదారూ దూదేకుల కౌలుదారూ ఒక్కటే. పెళ్ళి మాట దగ్గర మాత్రం ఒక్కటి కారు. ఆస్తి లెక్కతోనో, వంశం లెక్కతోనో మాత్రమే అసమానతను కొలిచే పాఠం ఈ రెంటినీ ఒకేసారి చూడలేదు.

ఇంతకంటె లోతైన అసమానత ఇంటిలోపల ఉన్నది. 1937 షరియత్ వర్తింపు చట్టం వ్యవసాయ భూమిని తన పరిధినుండి మినహాయించింది. గుంటూరు నాడు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ రాష్ట్రం 1949లో చట్టాన్ని సవరించి ఈ మినహాయింపును తొలగించింది. అనగా ఈ ప్రాంతపు ముస్లిం స్త్రీకి దివ్య ఖుర్ఆన్ నిర్ణయించిన వాటా పొలంలో కూడా ఉన్నదని దేశచట్టం ఒప్పుకొన్నది. కాని కూతురికి కట్నమిచ్చాము గదా అన్న మాటతో పొలం కొడుకుల పేర పోవడం పల్లెలలో అందరూ ఎరిగినదే. కట్నం ఇస్లాంలో లేదు, వాటా ఇస్లాంలో ఉన్నది. లేనిదానిని ఇచ్చి ఉన్నదానిని ఎగవేయడం జరుగుతున్నది. ముస్లింలలో అసమానతను వెదకే సమాజశాస్త్రజ్ఞులు అష్రాఫ్, అజ్లాఫ్ పట్టికలు వేశారు గాని, ఎందరు కూతుళ్ళకు ఎకరం వాటా వచ్చిందని పల్లె పల్లెలో లెక్కించే పని పాఠాలలోకి ఎక్కలేదు. ముస్లిం సంస్థలు కూడా ఆ లెక్కను తమ కార్యక్రమంలో ముందు వరుసలో పెట్టలేదు.

పరిశోధనా పద్ధతి

ప్రశ్నావళి, ముఖాముఖి, పరిశీలన, నమూనా ఎంపిక. పాఠ్యపుస్తకంలో అతి నీరసమైన అధ్యాయం ఇదేనని విద్యార్థులు భావిస్తారు. నిజానికి హక్కులు ఈ అధ్యాయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

దివ్య ఖుర్ఆన్ 49వ సూరా అల్ హుజురాత్‌లో, విశ్వాసయోగ్యుడు కానివాడు వార్త తెస్తే దానిని విచారించి నిర్ధారించుకొనవలెనన్న ఆదేశం 6వ వాక్యంలో ఉన్నది. వ్యాఖ్యాతలు పేర్కొనే సందర్భం గమనార్హం. బనూ ముస్తలిఖ్ తెగనుండి జకాత్ వసూలుకు పంపబడిన వ్యక్తి మార్గమధ్యంలోనే భయంతో వెనుదిరిగి, వారు చెల్లించడానికి నిరాకరించారని నివేదించాడు. విచారిస్తే అది నిజం కాదని తేలింది. ఊరికి వెళ్ళకుండానే ఊరిని గూర్చి నివేదిక ఇవ్వడం అన్నమాట. గణకుడు, సర్వేయరు, పరిశోధక విద్యార్థి అందరూ గుర్తుంచుకోదగిన సందర్భం ఇది. అదే సూరా 12వ వాక్యం అనుమానాలను, ఇతరుల రహస్యాలను తవ్వడాన్ని వారిస్తున్నది. నేటి పరిశోధనా నీతి చెప్పే గోప్యతకు ఇది దూరమైనది కాదు.

హదీసు విద్వాంసులు ప్రతి వార్తకూ చెప్పినవారి పరంపరను, వారి జ్ఞాపకశక్తిని, నడవడిని పరీక్షించారు. అల్ బిరూనీ సంస్కృతం నేర్చి, హిందువుల విశ్వాసాలను వారి గ్రంథాల ఆధారంగానే చెప్పదలచి, 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గూర్చిన తన గ్రంథాన్ని ముగించాడు. ఇబ్నె ఖల్దూన్ తన గ్రంథారంభంలోనే, అతిశయమైన సైన్య సంఖ్యలను పరీక్షించకుండా ఎత్తి వ్రాసిన చరిత్రకారులను మందలించాడు. అంత జనం ఆ నేలమీద ఇమడగలరా, ఆ సైన్యం ఆ విధంగా కదలగలదా అని అడిగాడు. ఈ వారసత్వం ఉన్నవారు అంకెలకు భయపడవలసిన పని లేదు, అంకెలను గుడ్డిగా నమ్మవలసిన పనీ లేదు.

గుంటూరు, ప్రకాశం పల్లెలో ఒక పరిశోధకుడు ముస్లింలను గూర్చి సర్వే చేయబోతే మూడుచోట్ల జారిపడే అవకాశం ఉన్నది. మొదటిది, పేరును బట్టి సముదాయాన్ని నిర్ణయించడం. దూదేకులవారు కూడా తమ పేరుకు ముందు షేక్ అని వ్రాసుకొనడం ఈ ప్రాంతంలో సాధారణం. ‘పింజారి’ అన్న ఆత్మకథ గల వ్యక్తి పేరు కూడా షేక్ నాజరే. ఓటర్ల జాబితా చూచి సముదాయాలను లెక్కించేవాడు ఇక్కడ ఆదిలోనే తప్పిపోతాడు. రెండవది, ప్రశ్న అడిగే మాట. మీ కులమేది అని అడిగితే అనేకుల సమాధానం ముస్లింలము అనో, సాయిబులము అనో ఉంటుంది. మీ బిరాదరీ ఏది అని అడిగితే వేరే సమాధానం రావచ్చు. ఏ ధ్రువపత్రం తీసుకొన్నారు అని అడిగితే ఇంకొకటి రావచ్చు. ఈ మూడు సమాధానాలూ అబద్ధాలు కావు, మూడు ప్రశ్నలకు మూడు జవాబులు. మూడవది కాలం. అక్టోబరు నుండి ప్రత్తి తీత, జనవరి నుండి మిరప కోత. కోసిన కాయలకు తొడిమలు తీసే పనిలో కల్లాల దగ్గర, శీతల గిడ్డంగుల దగ్గర పగలంతా కూర్చొనేది స్త్రీలు. పగటి పూట ఇంటింటికి తిరిగి, కనిపించిన పెద్దమనిషిని అడిగి పట్టిక నింపితే, కష్టపడేవారి మాట ఆ పట్టికలో ఉండదు.

ఈ లోపాలు విద్యా చర్చలతో ఆగిపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970నాటి వెనుకబడిన తరగతుల జాబితా దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లను ‘బి’ వర్గంలో గుర్తించింది. ముస్లిం మెహతర్లు ‘ఎ’ వర్గంలో ఉన్నారు. మిగిలిన ముస్లింలకు 2004లో ప్రభుత్వం అయిదు శాతం రిజర్వేషన్ ప్రకటించగా హైకోర్టు ఆ సంవత్సరమే కొట్టివేసింది. 2005లో చేసిన చట్టం కూడా ఆ సంవత్సరమే వీగిపోయింది. ముస్లింలందరినీ ఒకే తరగతిగా చూపడానికి సేకరించిన ఆధారాలు, వాటిని సేకరించిన పద్ధతి న్యాయస్థానం పరీక్షకు నిలువలేదు. 2007లో పి. ఎస్. కృష్ణన్ నివేదిక దారి మార్చింది. అత్తరు సాయిబులు, ఫకీరులు, హజ్జాములు, ఖసాబులు, షేక్‌లు మొదలైన పదునాలుగు సముదాయాలను విడివిడిగా గుర్తించి, సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్ మొదలైన వారిని మినహాయించింది. ‘ఇ’ వర్గం, నాలుగు శాతం ఆ విధంగా వచ్చాయి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ కొట్టివేసింది. సర్వే జరిగిన తీరుపై అక్కడ కూడా తీవ్రమైన విమర్శ వచ్చింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ నాలుగు శాతం కొనసాగింది.

ఈ చరిత్రనుండి నేర్చుకొనవలసినది రాజకీయ పాఠం ఒక్కటే కాదు. ఇస్లాంలో కులాలు లేవు అన్న ఆదర్శ వాక్యాన్ని వాస్తవ వర్ణనగా వాడుకొన్నప్పుడు, పేద ముస్లింకు న్యాయస్థానంలో చూపవలసిన ఆధారమే లేకుండా పోయింది. దేశమంతటా ముస్లింలలో దాదాపు 40.7 శాతం ఇతర వెనుకబడిన తరగతులవారని 2006 నాటి సచార్ సంఘం, 2004–05 నమూనా సర్వే ఆధారంగా చూపింది. ఆ అంకె కూడా కుటుంబాలు తమను గూర్చి తాము చెప్పుకొన్న సమాధానమే. ప్రశ్న అడిగిన తీరు మారితే అంకె మారగలదు. కనుక అంకెను కాదనవలసిన పని లేదు గాని, దాని పుట్టుక తెలుసుకొని వాడవలెను.

ముగింపు

పై పరిశీలనలో సమాజశాస్త్రపు తొలి పాఠాలు పనికిరానివని తేలలేదు. సాంఘికీకరణ భావన దూదేకుల బాలుని మౌనాన్ని అర్థం చేసుకొనడానికి సాయపడింది. వెబర్ విభజన కౌలుదారుల కష్టాన్ని, పెళ్ళి సంబంధాల అంతరాన్ని విడదీసి చూపింది. పరిశోధనా పద్ధతి అధ్యాయం న్యాయస్థానపు తీర్పులను చదవడానికి అక్షరాలు నేర్పింది. లోపం భావనలలో కంటె, వాటిని ఒక ప్రాంతపు ముద్రతో మరొక ప్రాంతానికి అతికించడంలోనే ఎక్కువ ఉన్నది. ముస్లిం విద్యావంతుల లోపం కూడా తక్కువది కాదు. ధర్మం ఏమి కోరుతున్నదో చెప్పేటప్పుడు సమాజం ఏమి చేస్తున్నదో దాచిపెట్టడం భక్తి అనిపించుకోదు.

హుజురాత్ సూరా 13వ వాక్యం సమానత్వానికి ప్రమాణంగా తరచు ఉదహరించబడుతుంది. దాని భావాన్ని పూర్తిగా గమనిస్తే, మానవులను జాతులుగా, తెగలుగా చేయడం పరస్పరం గుర్తించుకొనడానికని కూడా ఆ వాక్యమే చెబుతున్నది. పేరు పరిచయానికి, శ్రేష్ఠత దైవభీతికి. రెండింటినీ ఒకే వాక్యం విడదీసింది. కనుక దూదేకులవాడు తాను దూదేకులవాడనని చెప్పుకొనడం ఇస్లాంకు విరుద్ధం కాదు. ఆ పేరు వినగానే ఇంకొకడు ముఖం తిప్పుకొనడం ఇస్లాంకు విరుద్ధం. పేరును దాచమని చెప్పేవారు నిజానికి ముఖం తిప్పుకొనేవాడి తప్పును కప్పుతున్నారు.

ఈ విచక్షణకు పరీక్ష దూరంలో లేదు. 1931 తరువాత దేశ జనగణనలో కులాల పట్టికలు పూర్తిగా వెలువడలేదు. తదుపరి జనగణనలో కులగణన జరపాలని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. దానికి ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. గుంటూరు, ప్రకాశం మైదానాలలో అది మిరప కోత కాలం. గణకుడు తలుపు తట్టేవేళకు అనేక ఇళ్ళ స్త్రీలు చేలలో, కల్లాలలో ఉంటారు. ఇంట ఉన్నవారు చెప్పే ఒక్క మాట పట్టికలో ఒక గడిగా మిగిలిపోతుంది. ఆ మాట సిగ్గుతో దాచినదిగానో, గొప్పకోసం పెంచినదిగానో ఉండకుండా చూడడం ఆ పల్లెల మసీదు కమిటీలు, ఉపాధ్యాయులు, చదువుకొన్న యువకులు ముందుగానే చేయవలసిన పని. గణకుడు సాయంత్రం వేళ మళ్ళీ రావాలని అడగడం కూడా ఆ పనిలో భాగమే. బనూ ముస్తలిఖ్‌ను గూర్చిన నివేదికను మహాప్రవక్త (స) మరల విచారించి చూడడంవల్లనే ఒక తెగకు అన్యాయం తప్పింది.